ఊరికి రెప్పలు కుట్టిన దర్జీ

కోటగోడల నడుమ ఉన్న హరార్ ఊళ్లో మధ్యాహ్నం నమాజు అయ్యాక ఊరంతా ఒక్కసారిగా మెత్తబడుతుంది. తూర్పు ద్వారం దగ్గర ఆడవాళ్లు తడిగుడ్డలు విప్పి ఖాత్ ఆకు కట్టలు పైకి తీస్తారు. మగవాళ్లు తలో కట్ట చంకన పెట్టుకుని, ఇరుకు సందుల్లో గోడవార నీడ పట్టుకుని నడిచి, ఎవరి జట్టు కూర్చునే ఇంటికి వాళ్లు చేరతారు. చెప్పులు గడప బయట, కబుర్లు గడప లోపల. లేత చిగుళ్లు తుంచి బుగ్గన పెట్టుకుని, గుక్కెడు గుక్కెడు నీళ్లు తాగుతూ నములుతూ ఉంటే, ఓ గంట గడిచేసరికి ఒక్కొక్కరి కళ్లలో చిన్న దీపం వెలుగుతుంది. దాన్నే మిర్కానా అంటారు. ఆ వేళ ఇంట్లో ఉలకని పలకని మనిషి ప్రపంచ యుద్ధాలకు రాజీ కుదురుస్తాడు. పొద్దు వాలేసరికి దీపం దానంతటదే ఆరిపోతుంది. మర్నాడు మళ్లీ మామూలే.

అబ్దోష్ దీపం మాత్రం పొద్దు వాలినా ఆరేది కాదు. అతని బతుకంతా ఆ ఒక్క తేడాలోనే ఉంది.

అతను దర్జీ. కుట్టుమిషన్లు రోజంతా గిరగిరలాడే వీధిలో, అరుగు మీద మూడో మిషన్ అతనిది. పొట్టి మనిషి, మాట తక్కువ. పది మందిలో నిలబెడితే పదకొండోవాణ్ణి వెతకమన్నట్టుంటాడు. కానీ గురువారం మధ్యాహ్నం అవ్ సుఫియాన్ అనే పెద్దాయన ఇంట్లో భక్తి గీతాలకు డోలు వాయించేది అతనే. పెద్దాయన పక్కన, ఎర్రమట్టి అలికిన అరుగు మీద, నడిమి స్తంభానికి ఆనుకుని అతని చోటు. అంతకు ముందు అది అతని తండ్రిది. పెద్దాయన, పళ్లన్నీ ఊడిపోయి, ఆకు నమలలేక చిన్న చెక్క రోట్లో నూరుకునేవాడు. టక్ టక్ మని ఆ రోలు మోగుతుంటే దాన్నే తాళంగా పట్టుకుని అబ్దోష్ డోలు అందుకునేవాడు. ఇరవైమంది గొంతులు అతని వేళ్ల వెంట నడిచేవి. ఆ చోటు తప్ప తనకు ఈ భూమ్మీద మరో చోటు లేదని అతని నమ్మకం.

ఇరవై ఆరో ఏట, వానలు వెళ్లిన నెలలో, రంగులు అతనితో మాట్లాడటం మొదలుపెట్టాయి. పసుపు గుడ్డ నవ్వేది. నీలం గుడ్డకు దాహం వేసేది. మిషన్ తొక్కకుండానే నడుస్తున్నట్టుండేది. రోజుకో కట్ట నమిలేవాడు రెండు, రెండు నమిలేవాడు మూడు కట్టలకు ఎక్కాడు. అయిదు రోజులు కన్ను మూయలేదు, అలుపు రాలేదు. ఒళ్లు దూదిపింజలా తేలిపోతోంది. ఆరో రోజు పొద్దున్నే పండ్లమ్మేవాళ్ల దగ్గర నిచ్చెన అడిగి తెచ్చి, తూర్పు ద్వారానికి ఆనించి, భుజాన మోసుకొచ్చిన కొండంత గుడ్డ ఒకటి దాని మీదికి ఎక్కించడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావురా అబ్దోష్?" అని కింద నుంచి ఎవరో అరిచారు.

"రెప్ప కుట్టాను!" అన్నాడతను పైనుంచి, ఆనందం పట్టలేక. "ఈ కోటకి అయిదు ద్వారాలు, అయిదు కళ్లు. ఒక్కదానికీ రెప్పల్లేవు. ఇన్నాళ్లూ పాపం ఊరికి కునుకే లేదు, మీకెవరికన్నా తట్టిందా? రేపటికి రెండోది తెస్తా."

జనం పడీ పడీ నవ్వారు. "మిర్కానా అంటే ఇదిరా! వీడికి ఏ తోట చిగురు పడిందో కనుక్కోండి," అన్నారు. ఆకులమ్మే హలీమో దగ్గర ఆ పూట గంపెడు కట్టలు గంటలో అయిపోయాయి. అయిదు రాత్రులు నిద్ర లేనిది ఊరికా మనిషికా అని ఆలోచించినవాడు ఒక్కడూ లేడు. ఆకు తిన్నవాడు తేలిపోవడం ఆ ఊళ్లో వింత కాదు మరి. వింత కానిదాన్ని ఎవరు పట్టించుకుంటారు?

తెర పూర్తిగా విప్పుకున్నాక నవ్వులు ఆగిపోయాయి. అందులో ఒక పెళ్లికూతురి జరీ గుడ్డ ఉంది. బడి పంతులు కోటు గుడ్డ ఉంది. వీధి వీధంతా కుట్టమని ఇచ్చిన గుడ్డలన్నీ ముక్కలు ముక్కలుగా, చుక్కలు చుక్కలుగా అతుక్కుని, పొద్దుటెండలో మెల్లగా ఊగుతున్నాయి. చూసినవాళ్లు ఇప్పటికీ చెబుతారు, అంత అందమైన కుట్టు తాము మళ్లీ చూడలేదని. పెళ్లికూతురి తల్లి మాత్రం అతను నిచ్చెన మీద ఉండగానే శాపనార్థాలు పెట్టింది. పాపం, ఆమెదీ తప్పు కాదు.

పది రోజులకు అబ్దోష్ మంచం పట్టాడు. పట్టాడంటే మంచానికే అంటుకుపోయాడు. గోడవైపు తిరిగి పడుకున్నవాడు ఇటు తిరగలేదు. గుడ్డలు మాట్లాడలేదు సరికదా, అన్నీ ఒకే బూడిదరంగులోకి దిగిపోయాయి. అన్నం మట్టిలా ఉంది. చచ్చిపోతే భార్యకు శ్రమ తగ్గుతుందని ఒక మధ్యాహ్నం ఆమెతోనే, ఏదో మామూలు సంగతిలా అన్నాడు. రెమ్జియా చేతిలోని గిన్నె జారిపడింది.

చావుకీ పెళ్లికీ జబ్బుకీ తరలివచ్చే సంఘం ఒకటి ఆ ఊళ్లో ప్రతి ఇంటికీ ఉంటుంది. అబ్దోష్ సంఘం కూడా వచ్చింది. మనుషులు మంచివాళ్లు, బంగారంలాంటి వాళ్లు. రోగిని చూడటానికి వట్టి చేతులతో ఎవరొస్తారు? తలో కట్ట ఆకు తెచ్చారు. అదీ సామాన్యమైనది కాదు, తాము తినకుండా ఏరి పెట్టిన లేత చిగురు. ముందురోజు మత్తు తాలూకు దిగులు పొద్దున్నే నాలుగాకులు నమిలితే పోతుందని ఆ ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. ఇంత పెద్ద దిగులుకు ఇంకెంత ఆకు కావాలి? మంచం పక్కన కూర్చుని ఒక్కో చిగురూ తుంచి నోట్లో పెట్టారు. "నమలరా తండ్రీ, మనసు తెరుచుకుంటుంది," అని బుజ్జగించారు. మనసు తెరుచుకుంది కూడా. మూడు వారాలకు అబ్దోష్ లేచి కూర్చుని, రెండో ద్వారానికి కొలతలు తీసుకోవాలన్నాడు.

అలా అయిదేళ్లు గడిచాయి. మిద్దె మీదికీ నూతిలోకీ, నూతిలోంచి మిద్దె మీదికీ. లేచినప్పుడల్లా ఊరు మెచ్చుకుంది, పడినప్పుడల్లా ఆకు తెచ్చింది.

రెమ్జియా గడ్డిబుట్టలు అల్లేది. ఆ ఊరి ఇళ్లలో గోడలనిండా బుట్టలే ఉంటాయి, ఆడవాళ్ల చేతిపని గొప్పంతా అక్కడే కనిపించాలి. ఆమె రోజుకొక వరుస అల్లేది. నాలుగో ఏడు కొత్త బుట్ట మొదలుపెట్టినప్పుడు, నమూనా ఏమీ అనుకోకుండా, ఆ రోజు ఇంట్లో జరిగినదాన్నిబట్టి రంగు ఎంచుకుంది. అతను రెండు కట్టలకు మించి నమిలిన రోజు ఆకుపచ్చ. నిద్రపోని రోజు ఎరుపు. లేవని రోజు నలుపు. ఏ గొడవా లేని రోజు రంగు వేయని వట్టి గడ్డి. ఎవరికీ చెప్పుకోలేని సంగతి ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా.

ఏడాది తిరిగేసరికి బుట్టే ఆమెకు చెప్పడం మొదలుపెట్టింది. ఆకుపచ్చ వెనకాల ఎరుపు, ఎరుపు వెనకాల నలుపు. నలుపు మీదికి మళ్లీ ఆకుపచ్చ వచ్చిన చోటల్లా ఎరుపు రెండింతలు వెడల్పు. అది అర్థమైన మర్నాడే బుట్ట చంకన పెట్టుకుని, మొగుణ్ణి చెయ్యి పట్టుకుని, నీలం ఆటో ఎక్కించి కోట బయటి ఆసుపత్రికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది. ఎన్నాళ్ల నుంచి, ఎన్నిసార్లు అని అడిగింది. రెమ్జియా బుట్ట బల్ల మీద పెట్టి, అడుగు నుంచి అంచు దాకా వేలితో చూపిస్తూ చెప్పింది. డాక్టరమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"ఇదిగో, ఇక్కడ ఆకుపచ్చ లేకుండానే ఎరుపు వచ్చింది," అంది చివరికి. "కాబట్టి జబ్బు ఆకు వల్లే పుట్టిందని చెప్పలేనమ్మా. దీన్ని బైపోలార్ అంటారు. ఇతని మనసు దానంతటదే మిద్దెక్కుతుంది, దానంతటదే నూతిలో దిగుతుంది. కానీ ఎక్కినప్పుడల్లా ఆకు ఇంకో అంతస్తు కడుతోంది. అంత ఎత్తు నుంచి పడితే దెబ్బ కూడా అంతే కదా. మాత్రలిస్తాను. రోజూ ఒకే వేళకి నిద్రపోవాలి. ఆకు మాత్రం నోట పెట్టకూడదు."

"ఎన్నాళ్లు?" అన్నాడు అబ్దోష్.

"ఎన్నాళ్లని చెప్పనన్నా. ఒక్కమాటలో, ఎప్పటికీ అనుకోండి."

ఇంటికొచ్చాక రెమ్జియా పాత తెరలో మిగిలిపోయిన ముక్కలు అతని ముందు పడేసింది. "ఊరికి తర్వాత కుట్టుదువుగానిలే. ముందు మనింటి కిటికీకి రెప్ప వెయ్యి," అంది. అతను వేశాడు. దాని చాటున రోజూ ఒకే వేళకు పడుకోవడం నేర్చుకున్నాడు.

పగళ్లే గడవలేదు. మధ్యాహ్నం మిషన్లన్నీ ఆగిపోయి వీధి ఖాళీ అయ్యేది. గోడల అవతల నుంచి కబుర్లు గుసగుసలాడుతూ వినిపించేవి. అరుగు మీద అతనొక్కడే, కింద పారేసిన కాడలు నములుతూ రెండు మేకలు. మాత్రల వల్ల వేళ్లు సన్నగా వణికేవి, సూదిలో దారం ఎక్కించడానికి నాలుగుసార్లు పట్టేది. రంగులు మాట్లాడటం మానేశాయి. అందరూ కలిసి ఏదో దేశానికి వెళ్లిపోయి, తనను సామాన్లకు కాపలా పెట్టినట్టుండేది. అన్నిటికన్నా గురువారం చంపేసేది. జట్టు కూర్చోగానే పెద్దాయన పిడికెడు చిగురు చేతిలోకి తీసుకుని, దువా చేసి, తలా కాస్త పంచుతాడు. ఆమీన్ అని నోట్లో వేసుకోవాలి. వద్దంటే ఆకును వద్దన్నట్టు కాదు, దీవెనను వద్దన్నట్టు. అందుకే అతను వెళ్లడం మానేశాడు. స్తంభం దగ్గర ఇంకెవరో డోలు వాయిస్తుంటే, గోడ బయట నిలబడి తాళం తప్పిన చోటల్లా పళ్లు కొరుక్కునేవాడు.

నాలుగు నెలలు ఓర్చుకున్నాడు. అయిదో నెలలో ఒక గురువారం కాళ్లు వాటంతటవే లోపలికి తీసుకెళ్లాయి.

"వచ్చావా నాయనా!" అని పెద్దాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తన చేత్తోనే పిడికెడు చిగురు అతని అరచేతిలో పెట్టాడు. అబ్దోష్ ఆమీన్ అన్నాడు. ఆ రోజు డోలు మోగిన మోత ఇరవై ఏళ్లలో మోగలేదని అందరూ ఒప్పుకున్నారు. పైకప్పు దూలాలు ఊగుతున్నట్టు, మనుషులంతా ఒకే ఊపిరి పీలుస్తున్నట్టు, పసుపు మళ్లీ నవ్వినట్టు అనిపించి, అతను గుండె నిండా ఏడ్చాడు. మర్నాడూ వెళ్లాడు, ఆ మర్నాడూ వెళ్లాడు. మాత్రలు ఎందుకులే అనిపించింది. ఆదివారానికల్లా రెమ్జియా ఎర్రగడ్డి తీసింది. రెండు వారాల ఎరుపు తర్వాత, ఆసుపత్రిలో వారం ఉండి వచ్చాక, నలుపు.

సంఘం మళ్లీ కట్టలతో వచ్చింది.

రెమ్జియా ఎవర్నీ వద్దనలేదు. ఆ ఊళ్లో కట్టను కాదంటే తెచ్చిన మనిషి మొహం మీద తలుపేసినట్టే. నవ్వుతూ తీసుకుని, కాఫీ ఇచ్చి పంపించి, వెనక కిటికీలోంచి మేకలకు వేసేది. ఆ వారం వీధి మేకలు గోడల మీద నడిచాయి. వాటిలో ఒకటి మసీదు మెట్లెక్కి ఎంతకీ దిగనంది. దాని నోట్లో అవ్ సుఫియాన్ ఆకుకు చుట్టే ఆకుపచ్చ చారల గుడ్డ వేలాడుతూ కనబడటంతో గుట్టు రట్టయింది.

పెద్దాయన కర్ర పట్టుకుని వచ్చాడు. గడపలోనే నిలబడ్డాడు.

"నేను పంపిన చిగురు మేక తింటోందట కదమ్మా?"

"తింటోంది తాతా."

"నా మనవడిలాంటివాడికి పంపానే! మా ఇంట్లో కూడా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదే! ఇదేనా నువ్వు నాకిచ్చే మర్యాద?"

"మీరు తెచ్చింది ప్రేమేనని నాకు తెలుసు. కాదనను. కానీ ఈ ప్రేమ తినీ తినీ మా ఆయన సగమైపోయాడు తాతా." ఆమె అల్లుతున్న బుట్ట తీసి అతని చేతుల్లో పెట్టింది. ఏ రంగు ఏమిటో చెప్పింది. "ఇదిగో చూడండి, నాలుగు నెలలు వట్టి గడ్డి. ఆ తర్వాత ఇక్కడ సన్నగా ఒక ఆకుపచ్చ వరుస ఉంది చూశారా?"

"ఊఁ."

"అది మీరే. ఆ గురువారం మీరు చేతిలో పెట్టిన పిడికెడు. ఒక్క పిడికెడుకి వరుస వెయ్యను. అయినా ఆ రోజు వేశాను, ఎందుకో భయమేసి. దాని పక్కన ఎరుపు లెక్కపెట్టుకోండి."

పెద్దాయన లెక్కపెట్టాడు. పద్నాలుగు. ఆ తర్వాత నలుపు మొదలై, అల్లిక ఇంకా నడుస్తూనే ఉంది. అతను తలెత్తి, గోడవైపు తిరిగి పడుకున్న మనిషి వీపు చూశాడు. ఆ వీపు పెద్దాయనకు అబ్దోష్ చిన్నప్పటి నుంచి తెలుసు. బుట్ట పక్కన పెట్టి, కర్ర మరిచిపోయి వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం, ఊరంతా మెత్తబడే వేళకు, మళ్లీ వచ్చాడు. చేతిలో కట్ట లేదు. చంకన చెక్క రోలు ఉంది. మంచం పక్కన చతికిలబడి, జేబులోంచి వేయించిన వేరుశనగ గింజలు తీసి రోట్లో పోసి నూరడం మొదలుపెట్టాడు. టక్. టక్. చాలాసేపు నూరాడు. తర్వాత ఆ పొడి అరచేతిలోకి తీసుకుని, కళ్లు మూసుకుని, గురువారం చేసే దువా అంతా, ఒక్క ముక్క వదలకుండా చేశాడు.

"ఒరేయ్ అబ్దోష్, చెయ్యి చాపు."

అబ్దోష్ కదల్లేదు.

"తిట్టించుకోకురా! దువా చేసింది చల్లారిపోతుంది. ఆకులోనే దేవుడున్నాడని నేను నీకెప్పుడన్నా చెప్పానా? చెప్పే ఉంటాను. ముసలాళ్లం, నోటికొచ్చింది చెబుతాం. చాపు."

గోడవైపు నుంచి ఒక చెయ్యి వెనక్కి వచ్చింది. పెద్దాయన అందులో పొడి పోసి, వేళ్లు తనే మూశాడు. అబ్దోష్ ఇటు తిరగలేదు. కానీ కాసేపటికి, ఆ పిడికిలి మూసి ఉండగానే, గోడవైపు నుంచి చాలా సన్నగా, "ఆమీన్ తాతా," అని వినిపించింది. గుమ్మం దగ్గర రెమ్జియా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

పెద్దాయన రోజూ వచ్చాడు. పదహారో రోజున రోలు మోగుతుంటే దుప్పటి మీద అబ్దోష్ చూపుడువేలు తాళం వేసింది. ముసలాయన చూశాడు, చూడనట్టు నూరుతూ కూర్చున్నాడు.

ఇప్పుడు గురువారాలు ఇలా సాగుతాయి. జట్టు కూర్చుంటుంది. పెద్దాయన రోట్లో మొదటి నూరుడు వేరుశనగది. దువా దాని మీదే చేస్తాడు. తలా చిటికెడు పంచుతాడు, అబ్దోష్‌కు మొదట. ఆ తర్వాతే ఎవరి ఆకు వాళ్లు తీసుకుంటారు. ఎవరూ మానలేదు, పెద్దాయన అసలే మానలేదు. "నేను పోయే ముందు మంచివాణ్ణైతే మీకేం లాభంరా," అంటాడు. స్తంభం దగ్గర అబ్దోష్ డోలు వాయిస్తాడు. మునుపటి మోత రాదు. వణికే వేళ్లతో నెమ్మదిగా, ఒక్కోసారి చరణం మధ్యలో ఆగిపోయి వెతుక్కుంటాడు. అప్పుడు ఇరవై గొంతులూ ఆగి, అతనికి దొరికేదాకా ఎదురుచూస్తాయి. మొదట్లో అతనికి సిగ్గుగా ఉండేది. ఆ పాత మోత గుర్తొచ్చి పక్కవాడి ఆకు కట్ట మీదికి చూపు పోయేది. ఇప్పటికీ కొన్ని మధ్యాహ్నాలు పోతుంది. అప్పుడు లేచి ఇంటికెళ్లి, కిటికీకి వేసిన రెప్ప కింద కాసేపు పడుకుంటాడు.

మరుసటి ఏడు రెమ్జియా అల్లిన బుట్టను, ఇంట్లో అన్నిటికన్నా మంచి బుట్ట పెట్టే చోట, గుమ్మానికి ఎదురుగా తగిలించింది. అంతా వట్టి గడ్డిరంగే. ఒకచోట ఏడు వరుసల నలుపు, ఇంకోచోట దారమంత ఎరుపు. పక్కింటావిడ కాఫీకి వచ్చి మూతి విరిచింది.

"ఇదేం బుట్ట వదినా, పెద్ద గోడకి ఇదా దొరికింది? మీ ఇంట్లో రంగులు అయిపోయాయా ఏంటి?"

రెమ్జియా బుట్ట అంచు మీది దుమ్ము వేలితో తుడిచింది. వీధిలోంచి కుట్టుమిషన్ చప్పుడు, తొందర లేకుండా, మధ్యమధ్య ఆగుతూ వినిపిస్తోంది.

"అయిపోవాలనే నమాజులో రోజూ అడుగుతున్నా వదినా," అంది. "నువ్వు కూడా ఒకసారి ఆమీన్ అను."